రోబో సాకర్ నియమాలు: బరువు తగ్గించాలా, నెట్టుడును ఆపాలా?

గట్టు మాస్టారు (భీమవరం):

అందరికీ నమస్కారం. మా చుట్టుపక్కల పాఠశాలలు, పాలిటెక్నిక్ కళాశాలల విద్యార్థుల కోసం మేము కొందరు ఉపాధ్యాయులం కలిసి ఏటా సంక్రాంతి సెలవులకు ముందు ఒక చిన్న రోబో సాకర్ పోటీ నిర్వహిస్తున్నాము. ఇప్పటి నియమాల ప్రకారం జట్టుకు ఒకే రోబో ఉంటుంది, విద్యార్థి దానిని రిమోట్‌తో నడుపుతాడు. పొడవు, వెడల్పులు 30 సెంటీమీటర్లు, బరువు 5 కిలోలు, బ్యాటరీ 12 వోల్టులు దాటకూడదు.

గత ఫైనల్లో రెండు రోబోలూ బంతిని ఒక మూలకు ఇరికించి, ఒకదానినొకటి నెట్టుకుంటూ ఆటలో సగానికి పైగా అక్కడే గడిపాయి. చివరకు ఒకదాని డ్రైవర్ బోర్డు (మోటార్లకు కరెంటు అందించే సర్క్యూట్) నుండి పొగ రావడంతో, రెండవ జట్టు బంతిని ఖాళీ గోలులోకి తీరిగ్గా తోసి గెలిచింది. చూడవచ్చిన ఒక పెద్దాయన "బంతాట అన్నారు గానీ, ఇది బండలాగుడు పందెంలా ఉందండీ" అన్నారు. కాదనడానికి మా దగ్గర మాట లేకపోయింది.

మా ముందు మూడు ప్రతిపాదనలు ఉన్నాయి. బరువు పరిమితిని రెండున్నర కిలోలకు తగ్గించడం మొదటిది. రిమోట్‌ను తీసివేసి రోబో తనంతట తానే ఆడేలా చేయడం రెండవది. బంతిని తన్నే కిక్కర్‌ను అనుమతించడం మూడవది. మూడింటినీ ఒకేసారి తెస్తే చిన్న జట్లు మానుకుంటాయని భయం. ముందుగా దేనిని మార్చమంటారు?

ఉప్పుటేరు (కాకినాడ, అధ్యాపకుడు):

మాస్టారూ, బరువు సగానికి తగ్గిస్తే రెండు తేలిక రోబోలు అదే మూలలో అదే పని చేస్తాయి. ఇక్కడ లోపించింది నెట్టుడును గుర్తించి ఆటను ఆపే నియమం. రోబోకప్ అనే అంతర్జాతీయ రోబో పోటీలో విద్యార్థుల కోసం నడిచే జూనియర్ విభాగం నిబంధనలలో ఇందుకు చక్కని మార్గం ఉంది. బంతి ఎటూ కదలకుండా ఇరుక్కుంటే రిఫరీ కొంతసేపు చూసి, దానిని తీసి మైదానంలో ముందే గుర్తించిన తటస్థ బిందువు మీద పెడతారు. దాడి చేసే రోబో పెనాల్టీ ఏరియాలో ఉన్న రక్షక రోబోను నెట్టడం వల్ల గోలు పడితే ఆ గోలు చెల్లదు. ఈ రెండూ అమలు చేయడానికి పైసా ఖర్చు లేదు, కొలిచే పరికరమూ అక్కర్లేదు; కాకపోతే రిఫరీకి చూపు, ధైర్యం కావాలి, పిల్లల తండ్రులు గట్టిగా మాట్లాడినప్పుడు మరీను.

రిమోట్ విషయంలో మాత్రం తొందరపడవద్దని నా మనవి. 1997లో జపాన్‌లోని నగోయాలో మొదటి రోబోకప్ జరిగినప్పటి నుండి, 2050 నాటికి ప్రపంచకప్ విజేతలైన మానవ జట్టును రోబోల జట్టు ఓడించాలన్నది వారి లక్ష్యం. అయినప్పటికీ సౌకర్యాలను వారు ఒక్కసారిగా లాగివేయలేదు. మొదట్లో రోబో దారి తప్పకుండా ఒక గోలుకు పసుపు, మరొక దానికి నీలం రంగు వేసేవారు. రోబోల చూపు మెరుగైన కొద్దీ ఆ రంగుల తేడాను తీసివేశారు. మన పిల్లలకూ అటువంటి మెట్లే కావాలి.

కాయిల్ వైండింగ్ (పాలకొల్లు):

నేను చెరువు నీటిలో గాలి కలిపే ఏరేటర్ల మోటార్లు రీవైండింగ్ చేస్తుంటాను. మా అబ్బాయి జట్టు వల్ల ఈ ఆటతో పరిచయం. కాకినాడ వారి మాటలో సగానికే నేను ఒప్పుకుంటాను. నెట్టుడు బరువు వల్ల పుట్టదు గానీ, పొగ మాత్రం చాలావరకు బరువు వల్లనే వస్తుంది. తేలికైన రోబోకు ఎదురు ఒత్తిడి తగిలితే చక్రాలు నేల మీద జారి తిరుగుతూనే ఉంటాయి కనుక మోటారుకు ప్రాణభయం ఉండదు. బరువైన రోబో చక్రాలు నేలను పట్టుకొని జారవు. అప్పుడు మోటారు ఆగిపోయి, మామూలుగా తిరిగేటప్పటి కంటే కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. పిల్లలు ఎక్కువగా కొనే ఎల్298 డ్రైవర్ బోర్డు ఒక్కో మోటారుకు 2 ఆంపియర్లకు మించి తట్టుకోలేదు. కాబట్టి బరువును తగ్గించండి, తటస్థ బిందువునూ పెట్టండి. ఒకటి జేబును కాపాడుతుంది, మరొకటి ఆటను కాపాడుతుంది.

మరొక సంగతి. "12 వోల్టులు" అన్న మాటను తప్పకుండా సవరించండి. మూడు సెల్‌ల లిథియం పాలిమర్ బ్యాటరీ మీద 11.1 అని అచ్చు వేసి ఉంటుంది, నిండా ఛార్జి చేస్తే మీటరు 12.6 చూపిస్తుంది. నియమాన్ని ఉన్నదున్నట్లు చదివితే సగం జట్లను ఇంటికి పంపాలి.

లంకపిల్ల (అమలాపురం, డిప్లొమా విద్యార్థిని):

పెద్దలు మన్నించాలి, ఆడేవాళ్ల వైపు నుండి ఒక మాట. రిమోట్ తీసివేయడం మాకు ఇష్టమే, కానీ మేము రోబో తనంతట తానే కనిపెట్టేలా, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని వెదజల్లే బంతితో ప్రయత్నించి చూశాము. షెడ్డులో ఉదయం బాగా పనిచేసిన రోబో, మధ్యాహ్నం పడమటి ఎండ లోపలికి పడగానే బంతిని వదిలి గుమ్మం వైపు పరుగెత్తింది. ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది కదా! జూనియర్ పోటీల ఇన్‌ఫ్రారెడ్ బంతి 40 కిలోహెర్ట్జ్‌తో, అంటే సెకనుకు 40 వేల సార్లు మినుకుమినుకుమంటుంది, దానికి తగిన రిసీవర్ పెడితే ఎండను చాలావరకు వేరు చేయవచ్చు. మేము అది తెలియక, పడిన కాంతినంతా పట్టే మామూలు ఫొటోడయోడ్లు వాడాము. రిసీవర్ పెట్టినా నేరుగా ఎండ పడితే చూపు మందగిస్తుంది కనుక, ముందు కిటికీలకు తెరలు కట్టించండి.

కిక్కర్‌ను అనుమతిస్తే, రోబో బంతిని ఎంత లోపలికి పట్టుకోవచ్చో ఆ కొలతనూ అప్పుడే రాయండి. లేకపోతే ఎవరో ఒకరు రోబో ముందు భాగాన్ని చేపల బుట్టలా చేసి, బంతిని లోపల దాచుకొని గోలు దాకా నడిచిపోతారు. రోబోకప్‌లో చిన్న రోబోల విభాగమైన స్మాల్ సైజ్ లీగ్‌లో పై నుండి చూసినప్పుడు బంతిలో 80 శాతం రోబోకు బయటే కనిపించాలి. బంతిని ఒక మీటరుకు మించి అదుపులో పెట్టుకొని పోకూడదు, సెకనుకు 6.5 మీటర్ల వేగం మించి తన్నకూడదు. వేగం కొలిచే సాధనం మన దగ్గర లేకపోయినా, మొదటి రెండింటిని కంటితో చూసి చెప్పవచ్చు.

గట్టు మాస్టారు (భీమవరం):

అమ్మాయీ, చేపల బుట్ట మాట మా ఊరి పిల్లలు వినకముందే నియమం రాసేస్తాను. ఉప్పుటేరు గారూ, పాలకొల్లు సోదరా, మీ ఇద్దరి వాదనా తలకెక్కింది. ఈ ఏడాది బరువు మూడు కిలోలకు తగ్గిస్తాము. రెండున్నర అంటే పాత జట్లు ఛాసిస్ (రోబో చట్రం) మొత్తం మార్చుకోవలసి వస్తుంది. నెట్టుడు వల్ల పడిన గోలు చెల్లదు, ఇరుక్కున్న బంతిని పది సెకన్ల తరువాత తటస్థ బిందువుకు మారుస్తాము. వోల్టేజీని ఆటకు ముందు మీటరుతో కొలిచి 12.6 వరకు అనుమతిస్తాము. రిమోట్ ఈసారికి ఉంటుంది. పెనాల్టీలలో మాత్రం రోబో సొంతంగా బంతిని గోలులోకి తోయాలి, అక్కడ బంతి కదలకుండా ఉంటుంది కనుక కొత్త జట్లకూ సాధ్యమే. కిక్కర్ వచ్చే ఏటికి.

ఒక్క అనుమానం మిగిలింది. పది సెకన్లు లెక్కపెట్టే పని రిఫరీకే అప్పగించాలా, పక్కన మరొకరిని కూర్చోబెట్టాలా? పోయినసారి రిఫరీ నేనే; ఆ గొడవలో నా చేతి గడియారాన్ని ఒక్కసారి కూడా చూసుకోలేదు.

ఉప్పుటేరు (కాకినాడ, అధ్యాపకుడు):

పక్కన మరొకరు ఉండాలి మాస్టారూ. ఆ వ్యక్తి పాల్గొనే జట్లలో ఏ ఊరివారూ కాకుండా చూడండి.