ఆల్దో ఉంటే బట్ తీసేయాలా?

పటమట_పిల్ల:
విదేశీ చదువులకి రాసే ఇంగ్లీషు పరీక్ష కోసం విజయవాడలో ఐఈఎల్‌టీఎస్ కోచింగ్‌లో ఉన్నాను. ఈ వాక్యం దగ్గర మా రూమ్మేట్‌కీ నాకూ పడటం లేదు: "ఆల్దో ఇట్ వాజ్ రెయినింగ్, బట్ బెసెంట్ రోడ్ వాజ్ క్రౌడెడ్." తను బట్ కొట్టేయమంటుంది. కొట్టేస్తే నాకేమో మధ్యలో తెగినట్టుంది. డిస్పైట్ ఎక్కడ వాడాలో అసలు అంతుపట్టట్లేదు. పైగా కోచింగ్‌లో ప్రతి పేరాకీ ఒక హౌఎవర్ ఉండాల్సిందే అంటున్నారు. టెన్షన్‌గా ఉంది.

బ్రాడీపేట_మాస్టారు:
బట్ కొట్టేయమ్మా. మనం మాటల్లో "వాన పడుతున్నా గానీ జనం తగ్గలా" అంటాం, చెల్లిపోతుంది. ఇంగ్లీషులో ఆల్దో, బట్ రెంట్లో ఒకటే ఉండాలి. తెగినట్టు అనిపించే చోట కామా ఉందిగా, అది చాలు. ఆల్దో భాగాన్ని వెనక్కి తోస్తే మామూలుగా ఆ కామా కూడా అక్కర్లేదు.

డిస్పైట్ తర్వాత కర్తా క్రియా ఉన్న వాక్యం నేరుగా రాదు. నామవాచకమో, ఇంగ్ రూపమో రావాలి: "డిస్పైట్ ద రెయిన్". పక్కన ఆఫ్ పెట్టకు, అది ఇన్ స్పైట్‌కి. మా గుంటూరు యార్డు వాక్యం ఒకటి చూడు: "డిస్పైట్ స్నీజింగ్ ఆల్ డే, ద పోర్టర్స్ కెప్ట్ లోడింగ్ చిల్లీస్." (యార్డులో అడుగుపెట్టినవాడికి ఈ తుమ్ముల సంగతి చెప్పక్కర్లేదు.) తుమ్మేదీ మోసేదీ హమాలీలే కాబట్టి ఇంగ్ సరిపోయింది. తుమ్మేది గుమస్తా, మోసేది హమాలీ అయితే ఆల్దోకి వెళ్ళిపో. డిస్పైట్ ద ఫ్యాక్ట్ దట్ అని కూడా రాయొచ్చు గానీ, 40 నిమిషాల్లో ముగించాల్సిన టాస్క్ 2 వ్యాసంలో అంత పొడుగు ఎందుకు?

మంగళగిరి_బ్యాండ్7:
పేరాకో హౌఎవర్ అన్నమాట నమ్మకండి. కొహీరెన్స్ అండ్ కొహీజన్‌కి (ఆలోచనల పొందిక, వాక్యాల అతుకు) రైటింగ్‌లో నాలుగో వంతు వెయిటేజీ ఉంది, నిజమే. కానీ కొహీజన్ యాంత్రికంగా ఉండొచ్చని రాసి ఉన్నది 6 బ్యాండ్ (స్కోరు) వివరణలోనే; పేరాకొకటి అతికిస్తే అలా యాంత్రికంగానే ఉంటుంది. రెండు పూర్తి వాక్యాల మధ్య హౌఎవర్ వస్తే ముందు ఫుల్‌స్టాపో సెమీకోలనో, తర్వాత కామా. ముందూ వెనకా కామాలే పెడితే తప్పు.

పటమట_పిల్ల:
థాంక్యూ మాస్టారూ, థాంక్యూ అండీ. మరి వేరాజ్?

బ్రాడీపేట_మాస్టారు:
రెంటినీ పక్కపక్కన పెట్టి తేడా చూపడానికి. అకడమిక్ టాస్క్ 1 గ్రాఫుల్లో బాగా పనికొస్తుంది: "చిల్లీ ప్రైసెస్ రోజ్, వేరాజ్ కాటన్ ప్రైసెస్ ఫెల్." నీ వానకీ బెసెంట్ రోడ్డుకీ మాత్రం ఆల్దోనే.