మొదటి ఫ్రీఫాల్ (పారాచూట్ తెరుచుకోకముందు గాలిలో ఉత్తినే పడటం) ఎవరిది: 1914లో టైనీ బ్రాడ్‌విక్‌దా, 1919లో లెస్లీ ఇర్విన్‌దా?

శారద_బెజవాడ

మొన్న పిల్లల క్విజ్ ఒకదానికి ప్రశ్నలు రాసిచ్చాను. "విమానం నుంచి దూకి, తన చేత్తో పారాచూట్ తెరుచుకున్న మొదటి మనిషి ఎవరు?" అన్నదానికి టైనీ బ్రాడ్‌విక్ అని రాస్తే, నిర్వాహకులు కొట్టేసి లెస్లీ ఇర్విన్ అని దిద్దారు. నన్నొక్క మాట అడగలేదు. ఆ బాధతోనే ఇక్కడ పెడుతున్నాను. ఈ సంగతి తెలిసినవాళ్లు మన గుంపులో ఇద్దరు ముగ్గురున్నారు కదా, తేల్చండి.

నా లెక్క ఇది. టైనీ అసలు పేరు జార్జియా ఆన్ థాంప్సన్. 1893లో అమెరికాలోని నార్త్ కరొలైనాలో పుట్టింది. పుట్టినప్పుడు కిలోన్నర కూడా లేదట, అందుకే టైనీ. పన్నెండేళ్లకు పెళ్లి, పదమూడేళ్లకు ఆడపిల్ల, ఆ పైన పత్తి మిల్లులో పని. చార్లెస్ బ్రాడ్‌విక్ అనే ఆయన ఊరూరా తిరిగి బెలూన్ ప్రదర్శనలిచ్చేవాడు. ఆ ప్రదర్శన చూసి నన్నూ చేర్చుకోమని అడిగింది. 1908లో, పదిహేనేళ్లప్పుడు, మొదటిసారి బెలూన్ నుంచి దూకింది. 1913 జూన్ 21న లాస్ ఏంజెలస్‌లోని గ్రిఫిత్ పార్క్ మీద గ్లెన్ మార్టిన్ నడిపిన విమానం నుంచి దూకి, విమానం నుంచి పారాచూట్‌తో దూకిన మొదటి మహిళ అయింది. ఇంతవరకూ పేచీ లేదు.

పేచీ 1914 దగ్గర. శాన్‌డియాగోలో సైన్యం వాళ్లకు పారాచూట్ ఎలా పనిచేస్తుందో దూకి చూపించింది. అప్పట్లో పారాచూట్‌కి ఒక తాడు ఉండేది, దాని రెండో కొస విమానానికి కట్టేవారు. మనిషి కింద పడుతుంటే ఆ తాడే లాగి గొడుగు విప్పుతుంది. మూడు జంపులు బాగానే జరిగాయి. నాలుగోసారి ఆ తాడు విమానం తోకకు చుట్టుకుంది. అప్పుడామె తాడు కోసేసుకుని, పడుతూ పడుతూ మిగిలిన ముక్కను చేత్తో లాగి గొడుగు తెరుచుకుంది. ఇర్విన్ దూకింది దీని తర్వాత ఐదేళ్లకి. ఇంకా ఏం కావాలి?

సూర్యనారాయణ_రిటైర్డ్‌పారా

అమ్మా శారదా, ఆ పిల్లంటే నాకూ గౌరవమే. అయినా నా ఓటు ఇర్విన్‌కే.

1919 ఏప్రిల్ 28న ఒహాయో రాష్ట్రంలో డేటన్ ఊరి పక్కన మెకుక్ ఫీల్డ్‌లో ఏం జరిగిందో చెబుతాను. మనిషి విమానం నుంచి ఉత్తినే పడితే ఊపిరాడక స్పృహ తప్పుతుందని, చెయ్యి కదపలేడని చాలామంది నమ్మేవారు. అందుకే అందరూ తాడు మీదే ఆధారపడ్డారు. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ పైలట్లు వాడిన హైనెకె పారాచూట్‌దీ అదే పద్ధతి. విమానం గిరగిరా తిరుగుతూ పడుతుంటే తాడు దానికే చుట్టుకుని ఎందరో పోయారు. ఫ్లాయిడ్ స్మిత్ దానికి విరుగుడు కనిపెట్టాడు. వీపు మీద సంచీ, ఛాతీ దగ్గర పిడి, విమానంతో ఏ సంబంధమూ లేదు. ఆ రోజు విమానం నడిపింది స్మిత్, దూకింది ఇర్విన్. 1,500 అడుగుల ఎత్తున బయటికి దూకి, కాసేపు పడి, పిడి లాగాడు. గొడుగు విప్పుకుంది. దిగేటప్పుడు చీలమండ విరిగింది, అది వేరే సంగతి.

ఇది అనుకోకుండా జరిగింది కాదు. ముందే అనుకుని, పదిమంది ముందు, నేలమీద వందసార్లు చూసుకున్న పరికరంతో చేసింది. తర్వాత ఇంకొకడు అదే పని మళ్లీ చెయ్యగలిగాడు. 1922లో అదే మెకుక్ ఫీల్డ్‌లో హెరాల్డ్ హారిస్ అనే పైలట్ విమానం ముక్కలవుతుంటే దూకి బతికాడు. ఆ గాభరాలో మూడుసార్లు పిడి అనుకుని కాలి పట్టీ బిగింపు లాగాడట! నాలుగోసారికి పిడి దొరికింది. అంతసేపు పడినా స్పృహ పోలేదు, చెయ్యి ఆడింది. ఇర్విన్ నిరూపించింది ఇదే.

ప్రమాదంలో ఒకసారి తప్పించుకోవడం ఘనతే. కానీ దాన్ని "మొదటిది" అంటే, చెట్టు మీంచి జారి కొమ్మ పట్టుకున్నవాణ్ణి కూడా ఆ లెక్కలో వెయ్యాలి.

శారద_బెజవాడ

మాస్టారూ, కొమ్మ పోలిక నాకు నచ్చలేదు. కొమ్మ చేతికి తగులుతుంది. ఆమె తాడు కొయ్యాలని ముందు నిర్ణయించుకోవాలి, కోశాక గొడుగు ఎక్కడినుంచి లాగాలో తెలిసుండాలి. ఆరేళ్లుగా అదే పనిలో ఉన్న మనిషికే అది సాధ్యం.

ఇంకొకటి. ఇర్విన్ మాత్రం ఎక్కడినుంచి వచ్చాడు? ఆయనా బెలూన్ల మీంచి దూకి, సినిమాల వాళ్లకు సాహసాలు చేసి పెట్టినవాడే. ఈ విద్య సైన్యం ల్యాబులో పుట్టలేదు, తిరునాళ్లలో పుట్టింది. మన దేశంలోనూ అంతే కదా. 1890లో కలకత్తాలో బెలూన్ నుంచి పారాచూట్‌తో దూకిన రామచంద్ర ఛటర్జీ సర్కస్‌లో కసరత్తులు చేసే మనిషి.

కిరణ్_ఫ్రీమాంట్

శారద గారూ, సూర్యనారాయణ గారూ, ఇద్దరికీ నమస్కారం. నేను కాలిఫోర్నియాలో గత మూడేళ్లుగా దూకుతున్నాను, ఇప్పటికి 140 జంపులయ్యాయి. నా ప్రశ్న వేరు. మీరిద్దరూ "మొదట ఎవరు పడ్డారు" అని అడుగుతున్నారు. పడటం మా ఆటలో ఎక్కడుంది?

మొదటి క్లాసులో మాకు నేర్పేది పిడి లాగడం కాదు, ఒళ్లు విల్లులా వంచడం. బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, నడుము కిందికి నొక్కి, ఛాతీ పైకి, గడ్డం పైకి, చేతులు కాళ్లు చాపి ఉంచమంటారు. పది నిమిషాలకే తొడలు వణుకుతాయి. ఎందుకంటే ఆ వంపు లేకపోతే గాలి మనిషిని ఎటు పడితే అటు దొర్లిస్తుంది, లేదా బొంగరంలా తిప్పేస్తుంది. తిరిగే ఒంటి మీద గొడుగు తెరిస్తే తాళ్లు పురి పడతాయి. ఈ వంపు టైనీకి తెలియదు, ఇర్విన్‌కీ తెలియదు. ఇద్దరూ కొన్ని క్షణాలు పడి లాగారు, అంతే.

దాన్ని పద్ధతిగా పట్టుకున్నవాడు ఫ్రాన్స్ సైనికుడు లియో వాలెంటిన్, రెండో ప్రపంచయుద్ధం అయ్యాక. ఆయన దగ్గరనుంచి ఫ్రెంచి క్లబ్బులకు, అక్కడినుంచి జాక్ ఇస్టెల్ ద్వారా అమెరికాకు వచ్చింది. 1951లో యుగోస్లావియాలోని బ్లెడ్‌లో మొదటి ప్రపంచ పోటీలు జరిగాయి. 1959లో మసాచుసెట్స్‌లోని ఆరెంజ్ అనే చిన్న ఊళ్లో ఇస్టెల్, లూ శాన్‌బార్న్ కలిసి డబ్బు కట్టిన ఎవరికైనా దూకడం నేర్పే కేంద్రం తెరిచారు. క్రీడ అంటే నా దృష్టిలో అక్కడ మొదలు. మా డ్రాప్‌జోన్‌లో, అంటే మేం దూకే చోట, 80 దాటిన పెద్దాయన ఒకరున్నారు. అరవైల్లో యుద్ధం మిగుల్చిన సైనిక పారాచూట్లు చవగ్గా కొని, వాటి వెనక గుడ్డ కోసి, గాలి అటునుంచి పోయేలా చేసుకుని దూకేవారట. ఆ గొడుగు కింద దిగితే రెండో అంతస్తు నుంచి దూకినట్టు ఉండేదని చెబుతూ మోకాళ్లు చూపిస్తారు. సీనియర్లంటే నాకు వాళ్లే.

వాలెంటిన్ 1956లో లివర్‌పూల్‌లో చెక్క రెక్కలు కట్టుకుని ఎగరబోయి, జనం చూస్తుండగానే చనిపోయాడు. ఆ మనిషి పేరు మన క్విజ్‌లలో ఎక్కడా రాదు, అది నాకు ఎక్కువ బాధ.

రమాదేవి_నల్గొండ

కిరణ్ చెప్పిన "క్రీడ" అన్న మాట దగ్గర నేనొకటి అనాలి. టైనీ చేసింది క్రీడ కాదు, కూలి. పదిహేనేళ్ల పిల్లకు రిబ్బన్లు, కుచ్చుల గౌను, నెత్తిన టోపీ వేసి "బొమ్మ పిల్ల" అని పోస్టర్లు వేశారు. ఇంటి దగ్గర తల్లి చేతుల్లో పసిబిడ్డను వదిలి వెళ్లింది, డబ్బు పంపుతానన్న మాట మీద. మిల్లులో రోజుకు పద్నాలుగు గంటల పని చేసిన పిల్ల బెలూన్ ఎందుకు ఎక్కిందో నాకు అర్థమవుతుంది. ఆమెను మీ ఆటకు తల్లిని చేసి దండ వేసే ముందు ఇది కూడా రాయండి.

కిరణ్_ఫ్రీమాంట్

రమాదేవి గారూ, ఒప్పుకుంటాను. కానీ ఆమె పెద్దయ్యాక కూడా ఆకాశంలో ఉన్నంత హాయి ఇంకెక్కడా లేదన్నట్టే మాట్లాడింది. 1922లో మానేసేదాకా 1,100కు పైగా దూకింది. అన్నీ కూలి కోసమే అనడం కూడా ఆమెకు అన్యాయం.

రమాదేవి_నల్గొండ

రెండూ నిజం కావచ్చు. నేత నేసేవాళ్లకు కూడా చీర మీద ప్రేమ ఉంటుంది, కూలి గిట్టకపోయినా.

సూర్యనారాయణ_రిటైర్డ్‌పారా

రాత్రంతా ఈ చర్చ గురించే ఆలోచించాను. ఒక సంగతి రాయాలి.

నేను ఆగ్రాలో రెక్కలు, అంటే పారా సైనికుడి బ్యాడ్జీ, తెచ్చుకున్నాను. ఐదు జంపులు, అందులో ఒకటి రాత్రి. అన్నీ స్టాటిక్ లైన్, అంటే విమానానికి కట్టిన తాడే గొడుగు విప్పే పద్ధతి. డకోటా విమానం తలుపు దగ్గర నిలబడితే ముఖం మీద వేడి నూనె వాసన కొడుతుంది. ఎర్ర లైటు, పచ్చ లైటు, వెనకనుంచి చెయ్యి భుజం మీద పడుతుంది. దూకాక ఒక వెయ్యి, రెండు వేలు, మూడు వేలు, నాలుగు వేలు అని లెక్కపెట్టాలి. నేను మనసులో తెలుగులోనే లెక్కపెట్టేవాణ్ణి. నాలుగు వేలకి భుజాల దగ్గర పట్టీలు గుంజకపోతే ముందున్న రిజర్వ్, అంటే అదనపు పారాచూట్, తెరవాలి.

మాకు ఇంకొక డ్రిల్ నేర్పారు. తాడు తెగక, గొడుగు విప్పుకోక, మనిషి విమానం వెనక వేలాడితే ఏం చెయ్యాలి? ఏమీ చెయ్యకూడదు. స్పృహలో ఉన్నానని తెలిసేలా రెండు చేతులూ నెత్తిన పెట్టుకోవాలి. లోపల ఉండి మమ్మల్ని దూకించే జంప్‌మాస్టర్ అది చూసి తాడు కోస్తాడు. కోసిన క్షణం నుంచి రిజర్వ్ మన పని. శిక్షణలో ఈ పాఠం వచ్చినప్పుడు మా జట్టులో ఒక్కరు కూడా నవ్వలేదు. ఆ రాత్రి బారక్‌లో ఎవరూ దాని గురించి మాట్లాడలేదు.

శారద చెప్పిన నాలుగో జంప్ నేను ఇన్నాళ్లూ పుస్తకంలో సంగతిలా చదివాను. నిన్న రాత్రి దాన్ని ఆ డ్రిల్ పక్కన పెట్టి చూశాను. ఆమెకు లోపల జంప్‌మాస్టర్ లేడు. రిజర్వ్ లేదు. తాడు తనే కొయ్యాలి, కోశాక ఉన్నది ఒకే ఒక్క గొడుగు, అది తెరిచే తాడేమో తను కోసిందే. వయసు ఇరవై, ఇరవై ఒకటి.

కొమ్మ పోలిక వెనక్కి తీసుకుంటున్నాను తల్లీ. తప్పు మాట అది.

అయినా రిప్‌కార్డ్ పారాచూట్ (పిడి లాగి తెరుచుకునేది) విషయంలో నా ఓటు మారలేదు. ఆమె ఆ రోజు ఎన్ని అడుగులు పడిందో ఎవరూ కొలవలేదు, ఆ కథనాలు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి. ఇర్విన్ సంగతిలో ఆ గొడవ లేదు. కానీ మీ క్విజ్ ప్రశ్నలో "రిప్‌కార్డ్" అని లేదు కదా. "తన చేత్తో" అని ఉంది. ఆ ప్రశ్నకు వాళ్లు మీ జవాబు కొట్టెయ్యడం తప్పు.

కిరణ్_ఫ్రీమాంట్

సర్, చేతులు నెత్తిన పెట్టుకునే సంగతి నాకు ఇంతకుముందు తెలియదు. మాకు హార్నెస్‌లో, అంటే ఒంటికి కట్టుకునే పట్టీల్లో, చిన్న కత్తి ఉంటుంది, కొక్కెంలా వంగి, తాడు కొయ్యడానికి. దాన్ని నేనెప్పుడూ బయటికి తియ్యలేదు. రేపు శనివారం తీసి, ఒక్క చేత్తో అందుతుందో లేదో చూస్తాను.

క్రీడకు ఆద్యుడు మాత్రం వాలెంటినే, దాని మీద వెనక్కి తగ్గను.

శారద_బెజవాడ

మాస్టారూ, ధన్యవాదాలు. నిర్వాహకులకు ఈరోజే రాస్తున్నాను. రెండు ప్రశ్నలుగా విడగొట్టాను. ఒకటి: 1914లో తాడు కోసుకుని, చేత్తో పారాచూట్ తెరుచుకుందని చెప్పే అమ్మాయి ఎవరు? రెండు: 1919లో రిప్‌కార్డ్ పారాచూట్‌ను విమానం నుంచి దూకి పరీక్షించింది ఎవరు? కిరణ్ అడిగినట్టు వాలెంటిన్ మీద మూడోది కూడా పెట్టాను.

రమాదేవి గారూ, మొదటి ప్రశ్న కింద పిల్లలకు వివరణ రాసే చోటు నాలుగు లైన్లుంది. పత్తి మిల్లు అందులో రాశాను, పసిబిడ్డ సంగతి కూడా.

రమాదేవి_నల్గొండ

నిర్వాహకులు అడ్డుకుంటే చెప్పండి, వాళ్లకు నేనూ రాస్తాను.