సమస్యాపూరణం: బడికి రానివాఁడె పండితుండు

నిర్వహణ:
చెన్నై మాంబలంలో మా సాయంకాలపు తెలుగు తరగతికి వచ్చే పన్నెండో తరగతి పిల్లలకు మార్చిలో ప్రభుత్వ పరీక్షలు. ఆ తరువాత ఎవరి దారి వారిది. గురువులకూ తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నవ్విస్తూ వీడ్కోలు చెప్పాలని వాళ్లు పట్టుబట్టారు. నాటిక వద్దు, పద్యాలలోనే చెబుతామన్నారు. ఆ మాట విన్నప్పుడు కలిగిన ఆనందంతో ఈ సమస్య ఇస్తున్నాను.

బడికి రానివాఁడె పండితుండు

ఇది ఆటవెలది చివరి పాదం. బడికి, రాని, వాఁడె, పండి, తుండు అని అయిదు సూర్యగణాలు, అంటే మూడేసి మాత్రల చిన్న గణాలు. బకారానికి నాలుగో గణం మొదట ఉన్న పకారంతో యతి, అంటే అక్షరాల మైత్రి. మిగిలిన మూడు పాదాలు మీవి. తిరగేసిన మాటను నిలబెట్టడమే సమస్యలోని పని. అర్థం మార్చవచ్చు, ముందు ఒకటి రెండు అక్షరాలు చేర్చి మాటనే మార్చవచ్చు. పిల్లలతో పాటు పెద్దలూ పూరించండి. మన తమిళ మిత్రులు వెణ్బా అనే తమిళ పద్యానికి ఈట్రడి, అంటే చివరి పాదం, ఇచ్చి ఇలాగే పోటీ పెడతారు కాబట్టి, ఈ ఊరి పిల్లలకు ఈ ఆట కొత్తది కాదు.

పన్నెండో తరగతి విద్యార్థిని, నంగనల్లూరు:
మాస్టారూ, నమస్కారం. నా మొదటి పూరణ.

పదియు రెండు దాటి పట్టాను చేఁబట్టి
బల్ల మీది పేరు పదిల పఱచి
మరుసటేఁడు మఱల మా తరగతికంచు
బడికి రానివాఁడె పండితుండు

నిర్వహణ:
అమ్మాయీ, సమస్యను ఒక్క అక్షరం కూడా కదపకుండా దారిలో పెట్టావు. ఉత్తీర్ణుడైనవాడు మళ్లీ అదే తరగతికి రాడు, అంతే. రెండో పాదం చదివి చాలాసేపు ఆగిపోయాను. బల్ల మీద చెక్కుకున్న పేరును పదిలపరచి వెళ్లడం అనేది చదువు ముగించిన ప్రతివాడికీ గుండెలో తగులుతుంది. పండ్రెండు అనకుండా ‘పదియు రెండు’ అన్నది గణం కోసమే అయినా, పదో తరగతి దాటాక గడిచిన రెండేళ్లు విడిగా కనబడ్డాయి.

పదో తరగతి విద్యార్థి, పెరంబూరు:
మేము వెళ్లేవాళ్లం కాము, అన్నలను సాగనంపేవాళ్లం. అయినా రాశాను మాస్టారూ.

లెక్క చెప్పు సారు లేని జుట్టును దువ్వి
బోర్డు వైపు తిరిగి సుద్ద విసరు
తలకుఁ దగలు ననుచుఁ దలఁచి యా దినమున
బడికి రానివాఁడె పండితుండు

విశ్రాంత ఉపాధ్యాయిని, అడయారు:
బాబూ, రెండో పాదంలో యతి తప్పింది. ‘బో’కు ‘సు’ కుదరదు. ఆటవెలదిలో ప్రాసయతికి చోటుంది కాబట్టి అదైనా ఉందేమోనని చూశాను. ‘బోర్డు’లో రెండో అక్షరం ‘ర్డు’, ‘సుద్ద’లో ‘ద్ద’. అదీ కలవలేదు. మిగతా మూడు పాదాల నడక బాగుంది.

నిర్వహణ:
యతి సంగతి అమ్మగారు చెప్పారు. నాకు అంతకంటె పెద్ద అభ్యంతరం మొదటి పాదంతో ఉంది. రాలిపోయిన జుట్టులో ఆయన చేసిన పని ఏమీ లేదు. చూడకుండా సుద్దముక్క విసిరి మాటలాడేవాడి బల్ల మీదే పడేయడం మాత్రం ఆయన విద్య, ఇరవై ఏళ్ల సాధన. నవ్వు దాని మీద పడితే ఆయనే అందరికంటె ముందు నవ్వుతారు. జుట్టు మీద పడితే ఆయన కూడా నవ్వుతారు గానీ ఇంటికి వెళ్లాక అద్దం ముందు నిలబడతారు. వీడ్కోలు సభలో గురువుకు మనం ఇచ్చి పంపేది అది కాకూడదు. పిల్లల మీద రాసేటప్పుడు ఇది మరీ ముఖ్యం. నత్తి, పొట్టితనం, లావు, నలుపు ఏ పద్యంలోనూ రానివ్వకండి. అలవాటును పట్టుకోండి, ఆకారాన్ని వదిలేయండి. ఈ రెండు పాదాలూ తిరిగి రాయి నాయనా, నువ్వు రాయగలవు.

పదో తరగతి విద్యార్థి, పెరంబూరు:
తప్పు తెలిసింది మాస్టారూ. మా లెక్కల సారుకు ఇదే పద్యం చదివి వినిపించాలనుకుంటున్నాను. దిద్దుకున్నాను.

లెక్క చెప్పు సారు లెక్క తప్పని గుఱి
సుద్ద ముక్క విసరుఁ జూడ కుండ
తలకుఁ దగలు ననుచుఁ దలఁచి యా దినమున
బడికి రానివాఁడె పండితుండు

విశ్రాంత ఉపాధ్యాయిని, అడయారు:
సు–జూ యతి చక్కగా కుదిరింది. ‘లెక్క’ అన్న మాట ఒకే పాదంలో రెండు అర్థాలతో వచ్చింది, రెండోది గురికి సంబంధించినది. దోషం దిద్దబోయి అలంకారం తెచ్చావు బాబూ. ఇది సభలో చదవవలసిన పద్యం.

రైల్వే ఉద్యోగి, విల్లివాక్కం:
నవంబరు వానల్లో పిల్లల్ని బడికి దింపే తండ్రిగా నా పూరణ.

వాన కురిసె నేఁడు వాకిళ్ళు మునిగెను
సెలవటంచుఁ జెప్పెఁ జిల్లఱేఁడు
గడపఁ దాఁటి తడిసి గజగజ వణఁకుచు
బడికి రానివాఁడె పండితుండు

వ్యాకరణాభిమాని, మైలాపూరు:
చిన్నయసూరి ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు చెప్పిన ఊరు ఇది. ఆయన బాలవ్యాకరణం 1858లో వెలువడింది. అటువంటి చోట ‘జిల్లఱేఁడు’ అని సమాసం చేస్తే ఒప్పుకోలేకపోతున్నాను. జిల్లా అన్యదేశ్యం, అంటే పరభాషా పదం; ఱేడు అచ్చతెలుగు. పైగా చివరి దీర్ఘాన్ని కూడా కోసేశారు.

రైల్వే ఉద్యోగి, విల్లివాక్కం:
అయ్యా, నేను రోజూ పనిచేసేది రైలుబండితో. రైలు ఇంగ్లీషు, బండి తెలుగు. తెలుగువారందరూ ఆ మాటను తమదిగా చేసుకున్నారు. దీర్ఘం విషయంలో మీరు చెప్పింది నిజమే, అది నా లోపం.

నిర్వహణ:
ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. శతకం రాస్తూ ఉంటే ‘జిల్లఱేఁడు’ను నేనూ మార్చమనేవాడిని. కానీ ఈ పద్యం చెన్నై పిల్లల ముందు చదివేది. వాన పట్టిన రాత్రి కలెక్టరు సెలవు ప్రకటించారా అని ఇంటింటా ఫోను పట్టుకుని కూర్చునే ఊరు ఇది. ఆయనకు ‘ఱేడు’ అని పట్టాభిషేకం చేస్తే ఆరో తరగతి పిల్లలు చప్పట్లు కొడతారు. ఉంచుదాం. సె–జి యతి నిర్దుష్టం.

పన్నెండో తరగతి విద్యార్థి, కొడంబాక్కం:
ఇది మా తరగతి అందరి తరపున, చిన్న తరగతుల వారికి. ‘ఒర’ అని ముందు చేర్చాను. ఒరబడి అంటే చూసి దిద్దుకునే మాదిరి.

చిన్నవార లార చెప్పెద వినుఁడయ్య
పెట్టె విప్పి తినుచు బెంచి చాటు
పక్క లెక్క దించు బస్సులో మా యొర
బడికి రానివాఁడె పండితుండు

విశ్రాంత ఉపాధ్యాయిని, అడయారు:
చాలా నవ్వాను. మూడో పీరియడులోనే అన్నం పెట్టె తెరిచే పిల్లలను ముప్పై ఏళ్లు చూశాను, వాసనకే తెలిసిపోయేది. ఒక్క సవరణ. ‘తినుచు దించు’ అంటే బెంచి చాటున తింటూ అదే సమయంలో బస్సులో లెక్కలు దించినట్టు వస్తుంది. ‘తినెడు’ అను. గణం మారదు, రెండు పనులూ విడివిడిగా ఒరబడికే విశేషణాలవుతాయి.

నిర్వహణ:
సవరణతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఒరబడి దిద్దడం అంటాం గానీ ఒరబడికి రావడం అనము. సమస్య అలా నెట్టింది కాబట్టి ఆ చిన్న పట్టు సర్దుకుందాం. మేము చేసినట్టు చేయకండి అని తమ్ముళ్లకు చెప్పడానికి ఇంతకంటె మంచి మాట దొరకదు.

పన్నెండో తరగతి విద్యార్థిని, నంగనల్లూరు:
మాస్టారూ, మీకు తెలియకుండా మేమందరం కలిసి మరొకటి రాశాం. తమిళనాడు బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేసిన 2006 నాటి చట్టం ప్రకారం మేము బడిలో పదో తరగతి దాకా తమిళం చదివాం. దాని మీద మాకు ఇష్టమే. తెలుగు మాత్రం మీ అరుగు మీదే వచ్చింది. సమస్యకు ముందు ‘రా’ చేర్చాం.

సంజవేళ నరుగు చదువు చెప్పెడివాఁడు
కాసు కోరకుండఁ గరుణ తోడ
తప్పు దిద్ది నవ్వి తల నిమురుచును రా
బడికి రానివాఁడె పండితుండు

వ్యాకరణాభిమాని, మైలాపూరు:
సం–చ, కా–గ, త–త. యతులు అన్నీ సరిగా ఉన్నాయి. ‘రాబడి’ విరుపు ఈ వారం పూరణలలో అత్యుత్తమం. నిర్వాహకులు తమ గురించిన పద్యాన్ని తామే తూచలేరు కాబట్టి ఆ పని నేను చేస్తున్నాను. ఇందులో దిద్దవలసినది ఏమీ లేదు.

నిర్వహణ:
పిల్లలూ, దీనికి విమర్శ రాయలేను. పెరంబూరు అబ్బాయి పద్యం, కొడంబాక్కం అబ్బాయి పద్యం, వానసెలవు పద్యం సభలో ఆ వరుసలో చదవండి. ఆ తరువాత నేను లేచి ఇది చదువుతాను. జూన్‌లో బడులు తెరిచాక హాజరుపట్టీ తీసినప్పుడు జరగబోయేది ఇదే.

ఎట్టు లందు నింక నెడఁబాయు వేళలో
కన్ను చెమ్మగిల్లఁ గలము తోడ
పేరు పిలువ మీరు పెదవి విప్పరు గద
బడికి రానివాఁడె పండితుండు