విదేశీ సాయానికి, పరాయి దేశాల రాజకీయాల్లో జోక్యానికి పన్నుల సొమ్ము ఎందుకు?

ప్రశ్న: అమెరికా ప్రభుత్వం విదేశీ సాయానికీ, ఇతర దేశాల్లో ప్రభుత్వాలను నిలబెట్టడానికీ ప్రజాధనం వెచ్చించడాన్ని నేను వ్యతిరేకిస్తున్నాను. అఫ్గానిస్థాన్ పునర్నిర్మాణానికి రెండు దశాబ్దాల్లో దాదాపు 14,500 కోట్ల డాలర్లు కేటాయించినా, 2021 ఆగస్టులో కాబూల్ తాలిబన్ల వశమైంది. ఈ ఖర్చును ఎలా సమర్థిస్తారు?

జవాబు 1: మీ ఆవేదన న్యాయమైనదే గానీ, రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. 2003లో మొదలైన అమెరికా ఎయిడ్స్ సహాయ పథకం పెప్‌ఫార్ ఆఫ్రికాలో లక్షలాది హెచ్‌ఐవీ రోగులకు మందులు అందించింది. గర్భిణి క్రమం తప్పకుండా మాత్రలు వేసుకుంటే బిడ్డకు వైరస్ సోకే ముప్పు చాలావరకు తప్పుతుంది. పైగా 2023లో విదేశీ సాయం మొత్తం కలిపినా ఫెడరల్ (కేంద్ర) బడ్జెట్‌లో సుమారు 1 శాతమే.

జవాబు 2: శాతం చిన్నదైనంత మాత్రాన నష్టం చిన్నది కాదు. 1953లో ఇరాన్ ప్రధాని మొసాద్దెగ్‌ను పదవీచ్యుతుణ్ణి చేయడంలో అమెరికా నిఘా సంస్థ సీఐఏ, బ్రిటన్ నిఘా సంస్థ పాలుపంచుకున్నాయి. ఆ తర్వాత బలపడిన ఇరాన్ రాజు షా నిరంకుశ పాలన మీది ఆగ్రహమే 1979 విప్లవానికీ, టెహ్రాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయ ముట్టడిలో 52 మంది అమెరికన్లు 444 రోజులు బందీలుగా ఉండటానికీ దారితీసిన కారణాల్లో ఒకటి.

ప్రశ్న అడిగినవారు: మందుల మీద నాకు అభ్యంతరం లేదు. జోక్యానికి పెట్టే సొమ్ము రహస్య పద్దుల్లో సాగినప్పుడు, పన్ను కట్టేవారికి లెక్క అడిగే వీలే ఉండదు. నా వ్యతిరేకత ప్రధానంగా దానిపైనే.