సాగిన వెలుగులో తగ్గిన ఎనర్జీ ఎటు పోయినట్టు?

మిర్చియార్డు_గుంటూరు:
నమస్తే అండి, నేను కామర్స్ బ్యాచ్, తప్పులుంటే తిట్టకండి. మొన్న రాత్రి కరెంటు పోతే డాబా ఎక్కాం, ఎంపీసీ చదివే మా మేనల్లుడు చుక్కలు చూస్తా చూస్తా ఒకటి అడిగాడు. యూనివర్స్ సాగుతా ఉండటంతో దూరపు గెలాక్సీల వెలుగు కూడా దారిలో సాగి ఎరుపు వైపు జరుగుద్దంట, వేవ్‌లెంత్ పెరిగితే ఫోటాన్ (వెలుగు రేణువు) ఎనర్జీ తగ్గుద్దంట, మరి ఎనర్జీని పుట్టించలేం చంపలేం అని హైస్కూల్ నుంచి బట్టీ పట్టించారుగా, ఆ తగ్గిందంతా ఏమైనట్టు? మా యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) బరువు తగ్గితే తేమ ఆరిందనో కాటా తేడా అనో ఏదోటి చెప్తాం. ఈ తరుగు ఏ ఖాతాలో రాయాలి?

కృష్ణలంక_కుర్రోడు:
సింపుల్ అన్నా. సైకిల్ ట్యూబు వాల్వు నొక్కితే గాలి చల్లగా తగుల్ద్ది కదా, బయటి గాలిని నెట్టడానికి వేడి ఖర్చయింది. వెలుక్కీ ప్రెజర్ ఉంది, సాగేటప్పుడు పని చేసి ఎనర్జీ పోగొట్టుకుంటది. అంతే.

సత్యనారాయణపురం_మాస్టారు:
కుర్రోడా, ఆ ఫార్ములా వేస్తే అంకె కరెక్టుగానే వస్తది, కాదనను. కానీ నెట్టింది ఎవర్ని? ట్యూబు బయట గాలుంది, యూనివర్స్ బయట ఏ గోడ ఉందని? ఆ పని అందుకున్నవాడే లేడు. అసలు మెలిక వేరే. ఎమీ నోథర్ అని జర్మన్ లెక్కల మేడం, 1918లో ఆవిడ అచ్చేసిన థీరం ప్రకారం ఎనర్జీ మారకుండా ఉండాలంటే ఆట జరిగే స్థలం నిన్నా ఇవాళా ఒకేలా ఉండాలి. మన ల్యాబులో, ప్రకాశం బ్యారేజీ మీద ఆ షరతు నిలబడుద్ది, సాగే యూనివర్స్ మొత్తానికి నిలబడదు. బిగ్‌బ్యాంగ్ అయిన సుమారు 3,80,000 ఏళ్లకి బయల్దేరిన వెలుగు అప్పుడు 3000 కెల్విన్ వేడి, ఇప్పుడు 2.7, అంటే 1100 రెట్లు సాగింది. ఫోటాన్లు మాయం కాలా, ఒక్కోదాని ఎనర్జీ 1100వ వంతుకి పడింది. పాత టీవీల్లో చానల్ రాకపోతే గరగరమని చుక్కలొచ్చేవే, అందులో కాస్త ఇదే.

అరండల్‌పేట_బీటెక్:
ఇంకోటి, అసలు ఎనర్జీ ఎంత అనేది చూసేవాడిని బట్టి. బెజవాడ నుంచి గుంటూరు రైల్లో పోతుంటే పక్క సీటాయనకి నా స్పీడు సున్నా, మంగళగిరి ప్లాట్‌ఫాం మీద నిలబడ్డాయనకి అరవై. ఫోటాన్ బయల్దేరిన గెలాక్సీ వేరు, కొలిచే మనం వేరు, మధ్యలో ఎవరూ కొట్టేయలా. డార్క్ ఎనర్జీ, అదే యూనివర్స్ సాగడాన్ని ఇంకా స్పీడు చేస్తందనే అంతుచిక్కని ఎనర్జీ, దాని సంగతైతే ఇంకా గొడవ, చోటు పెరిగేకొద్దీ మొత్తం అదీ పెరుగుద్ది, ఎవరూ పెట్టుబడి పెట్టకుండానే.

మిర్చియార్డు_గుంటూరు:
అంటే తరుగు కాదు, ఆ ఖాతా పుస్తకమే లేదన్నమాట! మేనల్లుడికి చదివి వినిపించా. మరి ఎంసెట్‌లో ఇస్తే ఏ ఆప్షన్ పెట్టాలి మావయ్యా అంటన్నాడు.

సత్యనారాయణపురం_మాస్టారు:
మారదు అనే పెట్టమనండి. ఎంసెట్ సిలబస్ ఇంకా బ్యారేజీ దాటలేదు.