మైగ్రేన్‌కు సైకాలజిస్టును కలవమన్నారు. వెళ్లినవారు ఎవరైనా ఉన్నారా?

అడిగినవారు: యార్డులెక్కలు

గుంటూరులో ఒక మిర్చి కమిషన్ దుకాణంలో లెక్కలు రాస్తాను. వయసు 36. ఇంటర్ చదివే రోజుల నుంచీ ఒంటి తలనొప్పి ఉంది. నెలకు ఒకసారి వచ్చి పోయేది. రెండేళ్లుగా రావడమే తప్ప పోవడం తెలియడం లేదు. నొప్పి వచ్చిన రోజున వంటింటి క్యాలెండర్‌లో తేదీ చుట్టూ పెన్సిలుతో సున్నా చుడతాను. పోయిన నెల 19 సున్నాలు. నెలకు 15 రోజులు, అలా మూడు నెలలకు మించి సాగితే దీర్ఘకాలిక మైగ్రేన్ అంటారట.

నొప్పి రాకుండా రోజూ వేసుకునే ప్రొప్రనలాల్ మాత్ర ఆపి, న్యూరాలజిస్టు దాని బదులు టోపిరమేట్ ఇచ్చారు. మొన్న వెళితే చీటీ అడుగున ఒక సైకాలజిస్టు పేరు రాసి, ఒక్క మాటైనా వివరించకుండా పంపేశారు. ఇంటికి రాగానే మా అత్తయ్య "నీకేమైనా పిచ్చా, అక్కడికి వెళ్లడానికి?" అన్నారు. నిజానికి నాకూ మనసు చివుక్కుమంది. ఎడమ కణతలో మేకు దిగినట్టుండి, వాంతి చేసుకుని, చీకటి గదిలో పడుకునే మనిషికి మాటలతో తగ్గుతుందా? ఇదంతా నా ఊహ అనా వాళ్ల ఉద్దేశం? అక్కడికి వెళితే మాత్రలు మానేయమంటారా?

శొంఠికొమ్ము:

శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేయండి. మా నాయనమ్మ జీవితమంతా అదే మందు. ఫీజు తీసుకుని కబుర్లు చెప్పేవాళ్లు ఎందుకు?

పాతక్యాషియర్, విశాఖ:

శొంఠి పట్టు నేనూ వేశాను. నుదురు మండింది, నొప్పి మాత్రం కదల్లేదు.

అమ్మా, నన్నూ ఇలాగే పంపారు. బ్యాంకులో క్యాష్ కౌంటరులో ఉండేవాణ్ని. వెళ్లగానే "నాకు పిచ్చి లేదు" అన్నాను. సైకాలజిస్టు నవ్వి, "నొప్పి నిజమేనండీ. నిద్ర, భయం, ఒత్తిడి కూడా ఆ మెదడులోనే కదా ఉండేది" అన్నారు. తర్వాత ఒక నోటుబుక్కు పెట్టించారు. నొప్పి ఎన్నింటికి, మాత్ర ఎన్నింటికి, అప్పుడు ఏం చేస్తున్నాను, అంతే.

మూడో వారం ఆ పుస్తకంలో ఒక వరుస మీద వేలు పెట్టారు. "ఒకటో తేదీన మాత్ర 9 గంటలకు, నొప్పి 11 గంటలకు. ఇదేమిటి?" ఒకటో తేదీ అంటే పింఛన్ల క్యూ. నొప్పి వస్తుందేమోనని ముందే మింగేసేవాణ్ని. ఆ నెల అంతా లెక్కపెడితే రెండు మూడు మందులు కలిపిన మాత్రలు 14 రోజులు వేసుకున్నాను! అలాంటివి నెలకు 10 రోజులు, ఉత్తి పారాసెటమాల్ వంటివైతే 15 రోజులు, లేదా అంతకు మించి నెలల తరబడి వేసుకుంటే, ఆ మాత్రలే తలనొప్పిని పోనివ్వవట. మానడం మాత్రం న్యూరాలజిస్టు చెప్పిన పద్ధతిలోనే. మొదటి పది రోజులు నరకం.

ఇంకొకటి చేయించారు. పిడికిళ్లు, భుజాలు, దవడ ఒక్కొక్కటిగా బిగించి వదలడం. నోట్లు లెక్కపెట్టేటప్పుడు పళ్లు బిగబట్టుకుంటానని అప్పుడే తెలిసింది. వేలికి చిన్న ఉష్ణమాపకం అంటించి, ఊపిరి నెమ్మదిగా వదులుతూ చేతులు వెచ్చబరచుకోమన్నారు. 29 డిగ్రీల నుంచి 33కు ఎక్కేది. అమెరికాలోని కాన్సాస్‌లో 1960లలోనే దీన్ని మైగ్రేన్‌కు వాడి చూశారట. వీటిలో ఏది పనిచేసిందంటే చెప్పలేను.

నొప్పి పోలేదు. అయిదు నెలల్లో 17 రోజులు 8 అయ్యాయి, అంతే. ఎండలో తిరిగితే ఇప్పటికీ వస్తుంది. అక్కడికి వెళ్లకముందు, మా పెద్ద మేనకోడలి పెళ్లికి రెండు రోజుల ముందే రానని చెప్పేశాను. అప్పటికి నొప్పే లేదు! చిన్నదాని పెళ్లికి నల్ల కళ్లద్దాలు పెట్టుకుని వెళ్లాను. తలంబ్రాల సమయానికి నొప్పి మొదలైంది. విడిదింట్లో గంట పడుకుని లేచి భోజనానికి వచ్చాను.

మందులషాపు:

ఫార్మసిస్టును. 2013లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో దీర్ఘకాలిక మైగ్రేన్ ఉన్న 10 నుంచి 17 ఏళ్ల వయసువాళ్లు 135 మంది. అందరికీ అమిట్రిప్టిలిన్ అనే మందు ఇచ్చారు. కొందరికి దానితో పాటు సీబీటీ, అంటే ఆలోచనలను, అలవాట్లను మార్చుకునే చికిత్స. మిగతావారికి తలనొప్పి గురించి పాఠాలు. 20 వారాలకు తలనొప్పి రోజులు నెలకు సీబీటీ వాళ్లకు 11.5, మిగతావారికి 6.8 తగ్గాయి. కానీ వాళ్లు పిల్లలు. పెద్దల మీద జరిగిన పరీక్షలను చూసిన 2019 నాటి కాక్రేన్ (వైద్య పరీక్షలను కలిపి తూచి చూసే సంస్థ) సమీక్ష, ఆధారాలు చాలా బలహీనమని తేల్చింది. పనిచేయదని కాదు, చేస్తుందని గట్టిగా చెప్పలేమని. కాబట్టి మందుతో పాటు వెళ్లండి, మందు బదులు కాదు.

క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి, తప్పేమీ లేదు. టోపిరమేట్ మొదలుపెట్టాక దిగులుగా ఉన్నా, నోటికి మాట అందకపోయినా మీ డాక్టరుకు చెప్పండి.

యార్డులెక్కలు:

క్యాషియర్ గారూ, మీది చదివి మాత్రల డబ్బా ముందేసుకున్నాను. దుకాణంలో టిక్కీలన్నీ, అదే మిర్చి బస్తాలు, ఒక్కటి తప్పకుండా రాస్తాను, ఈ లెక్క మాత్రం ఎప్పుడూ రాయలేదు. ఖాళీ అట్టలు, క్యాలెండర్ పక్కపక్కన పెట్టి చూస్తే 12 రోజులు తేలాయి. అందులో నాలుగు, సరుకు ఎక్కువ వచ్చే సోమవారాలే.

శనివారం 11 గంటలకు రమ్మన్నారు. అత్తయ్యకు తలనొప్పి డాక్టరు దగ్గరికని చెప్పాను. అబద్ధం కాదు కదా. ఆ వేలికి అంటించేది వాళ్లే ఇస్తారా, మనమే కొనుక్కోవాలా?

పాతక్యాషియర్, విశాఖ:

నాకు అక్కడే ఇచ్చారు. నోటుబుక్కు మాత్రం మీరే తీసుకెళ్లండి.