ఆర్15 ఇచ్చేసి అడ్వెంచర్ బండి తీసుకుందామని ఉంది. ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు, ఇంటి ముందు ర్యాంపు!

గోదారి గట్టు (రాజమండ్రి):

అందరికీ నమస్కారమండి. నా దగ్గర 2019 యమహా ఆర్15 వీ3 ఉంది, ముందుకి వంగి నడిపే స్పోర్ట్స్ బైకు, 58 వేల కిలోమీటర్లు తిరిగింది. బండికి ఏ రోగమూ లేదు, నాకే వచ్చాయి. వయసు 39.

పోయిన నెల నేనూ మా ఆవిడా మారేడుమిల్లి వెళ్లాం. మారేడుమిల్లి దాటి చింతూరు వైపు ఘాట్ దిగుతుంటే, బ్రేకు నొక్కిన ప్రతిసారీ నా బరువూ, నా వీపు మీదికి జారే ఆవిడ బరువూ రెండూ అరచేతుల మీదికే. కిందికి దిగాక ఒక కొట్టు దగ్గర టీ తీసుకున్నా. చిటికెన వేలు, ఉంగరం వేలు మొద్దుబారిపోయి ఉన్నాయి, గ్లాసు పట్టుకున్నానో లేదో కూడా తెలియలేదు. టీ అంతా ప్యాంటు మీదే. మా ఆవిడ నవ్వలేదు. "ఇంకోసారి ఇలా బల్లిలా అతుక్కుని కూర్చోవడం నా వల్ల కాదు" అంది. ఆవిడ తప్పేం లేదు, ఆ వెనక సీటు చపాతీ పీటంత ఉంటుంది మరి.

నిటారుగా కూర్చుని గతుకుల దారుల్లోనూ నడిపే అడ్వెంచర్ బండ్లలో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450, సుజుకీ వీ-స్ట్రామ్ ఎస్ఎక్స్ చూస్తున్నా. షోరూంలో హిమాలయన్ ఎక్కితే మునివేళ్లే ఆనాయి. మా ఇల్లు రోడ్డుకి బాగా ఎత్తు, వాలు ర్యాంపు మీంచి పొద్దున్నే బండిని వెనక్కి దింపాలి. ఆర్15 142 కిలోలు, హిమాలయన్ 196. అంటే రెండు పాతిక కిలోల బియ్యం బస్తాలు, పైన ఇంకో నాలుగు కిలోలు. వీధంతా చూస్తుండగా పడేస్తానేమోనని టెన్షన్. నా ఎత్తువాళ్లు ఎవరైనా ఇలా మారారా?

క్లచ్ వైరు:

అంత ఖర్చు దేనికి అన్నా? ఆర్15కే హ్యాండిల్‌ని పైకి లేపే రైజర్లు వేయించెయ్, మూడు వేలల్లో అయిపోతుంది.

ఆర్కే బీచ్ (విశాఖ):

రైజర్లు నేనూ వేయించా, నా పాత స్పోర్ట్స్ బైకు కేటీఎం ఆర్‌సీ 390కి. చేతులు పైకొచ్చాయి, కాళ్లు మాత్రం అక్కడే వెనక మడత పడి ఉన్నాయి. పైగా హ్యాండిల్ పూర్తిగా తిప్పితే ఫెయిరింగ్‌కి (ముందుండే ప్లాస్టిక్ తొడుగుకి) తగిలేది. ఏడాది ఓపిక పట్టి హిమాలయన్ 450 తీసుకున్నా. రెండేళ్లయింది. నా ఎత్తు 5-6.

అన్నయ్యా, ముందు మీ ర్యాంపు సంగతి. కాగితం మీద చూస్తే మీ ఆర్15 సీటు ఎత్తు 815 మిల్లీమీటర్లు, హిమాలయన్‌ది 825. తేడా ఒక్క సెంటీమీటరే. భయం పెట్టేది ఎత్తు కాదు, బరువంతా పైన ఉండటం. 17 లీటర్ల ట్యాంకు నిండుగా ఉంటే మరీను. నిలువుగా ఉన్నంతసేపూ పిల్లిలా ఉంటుంది, ఒక పక్కకి కాస్త ఎక్కువ ఒరిగిందా, ఇక మీరు ఆపలేరు. మొదటి వారంలోనే పెట్రోలు బంకులో, కదలకుండా నిలబడ్డ బండిని పడేశా. గార్డు వంగిపోలేదు, గీత కూడా పడలేదు, పరువే పోయింది.

రెండు కాళ్లూ ఆనించాలని చూడకండి. కొంచెం ఎడమకి జరిగి ఎడమ పాదం పూర్తిగా ఆనించండి, కుడి పాదం వెనక బ్రేకు మీదే ఉంచండి. ర్యాంపు మీద అసలు ఎక్కి కూర్చోవద్దు. ఇంజిను ఆపేసి, ఫస్ట్ గేరులో పెట్టి, ఎడమ పక్క నిలబడి దింపండి. క్లచ్ నొక్కితే కదులుతుంది, వదిలితే వెనక చక్రం ఆగిపోతుంది. ముందు బ్రేకు ఒక్కదాన్నే నమ్ముకుంటే, వాలులో ముందు చక్రం మీద బరువుండదు కాబట్టి తడి సిమెంటు మీద జారుతుంది.

నడపడం మాత్రం కొంత కొత్తగా నేర్చుకోవాలి. అనంతగిరి ఘాట్‌లో ఆర్‌సీ అలవాటుకొద్దీ మలుపులోకి వెళ్లాక బ్రేకు గట్టిగా వేశా. 200 మిల్లీమీటర్లు కదిలే సస్పెన్షన్ కదా, ముందు భాగం ఒక్కసారిగా మునిగింది. గుండె గొంతులోకొచ్చింది. ముందు చక్రం 21 అంగుళాలు, వంగడానికి తొందరపడదు. మలుపుకి ముందే వేగం తగ్గించుకుంటే హాయిగా వెళ్తుంది.

ఇంకోటి, ఎవరూ చెప్పనిది. మణికట్ల నొప్పి పోయింది, తోక ఎముక నొప్పి వచ్చింది! నిటారుగా కూర్చుంటే గుంత దెబ్బ నేరుగా వెన్నులోకే. అందుకని మధ్యమధ్యలో ఫుట్‌పెగ్గుల మీద లేచి నిలబడి నడుపుతా.

అమ్రాబాద్ అడవి (హైదరాబాద్):

వీ-స్ట్రామ్ ఓనర్‌ని. సీటు 835, అంటే హిమాలయన్ కంటే ఎత్తే, కానీ బరువు 167 కిలోలు. ర్యాంపు మీద ఆ 29 కిలోలు చాలా తేడా చూపిస్తయి బ్రో. నిజం చెప్పాలంటే, 249 సీసీయే కాబట్టి ఇద్దరం సామానుతో వంద దాటాక ఓవర్‌టేక్‌కి గేరు దించాల్సిందే.

నేను ఇదే కొనడానికి కారణం చక్రాలు, దీనికి ట్యూబ్‌లెస్ టైర్లు. ఓసారి శ్రీశైలం నుంచి వస్తుంటే మా ఫ్రెండు బండికి అడవిలో మేకు దిగింది. ట్యూబు ఉన్న స్పోక్ చక్రం. మన్ననూరు చెక్‌పోస్ట్ రాత్రి 9కి మూసేస్తరు. చక్రం విప్పి, ట్యూబు మార్చి, గాలి కొట్టేసరికి 8:40. ట్యూబ్‌లెస్ అయితే పది నిమిషాల్లో చిల్లులోకి రబ్బరు స్ట్రింగ్ దూర్చి వచ్చేసేవాళ్లం. హిమాలయన్‌కీ ఇప్పుడు ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రాలు వస్తున్నయి, తీసుకుంటే అవే అడుగు.

వెనక సీటు:

నేను నడపను. పదకొండేళ్లుగా మా ఆయన బండి వెనక కూర్చుంటున్నా కాబట్టి మాట్లాడే హక్కు ఉందనుకుంటా. ఇంతకీ మీ ఆవిడని షోరూంకి తీసుకెళ్లారా అన్నయ్య గారూ? ఇంతమంది రాశారు, ఒక్కరూ అడగలేదు.

ఈ బండ్లు ఎక్కాలంటే ఎడమ ఫుట్‌రెస్ట్ మీద కాలు పెట్టి గుర్రం ఎక్కినట్టు లేవాలి. ఆ క్షణంలో బరువంతా ఒక పక్కకే పడుతుంది. మీకేమో మునివేళ్లే ఆనుతున్నాయి! ఆవిడ ఎక్కేటప్పుడు మీ పాదం నిలుస్తుందో లేదో అక్కడే చూసుకోండి. చీర కట్టుకుని పక్కకి తిరిగి కూర్చునే అలవాటుంటే ఇంకా కష్టం. పక్క పెట్టెలు తర్వాత కొనుక్కోవచ్చు, అవి ఉంటే కాలు తిప్పడానికి చోటుండదు. వెనక పెట్టె ముందు బిగించి, దానికి వీపు ఆనే మెత్త పెట్టించండి. మా ఆయన మాటలు వింటూనే నేను నిద్రపోతా.

గోదారి గట్టు (రాజమండ్రి):

అక్క గారు చెప్పినట్టే ఆదివారం ఇద్దరం వెళ్లాం. హిమాలయన్ మీద ఆవిడ కూర్చున్నాక బండి కిందికి దిగి నా పాదాలు సగం దాకా ఆనాయి, అది బాగుంది. కానీ ఆవిడ ఎక్కేటప్పుడే బండి ఊగింది, సేల్స్ కుర్రాడు పరిగెత్తుకొచ్చి పట్టుకున్నాడు. వీ-స్ట్రామ్ మీద మూడుసార్లు ఎక్కి దిగింది, నేను కదల్లేదు. దివాన్‌చెరువు దాకా వెళ్లొచ్చాం. వచ్చాక "వేళ్లెలా ఉన్నాయి?" అని అడిగింది. బాగానే ఉన్నాయన్నా. ఆర్15 లాగా దూకదు, అది ఒక్కటీ కాస్త బాధగానే ఉంది.

వీ-స్ట్రామ్‌కి అడ్వాన్సు కట్టేశా. ర్యాంపు వాలు తగ్గించడానికి మేస్త్రీ వచ్చి కొలతలు తీసుకెళ్లాడు. బండి కంటే ముందు సిమెంటు దిగుతోంది.